నీడలకు మేకప్ లేదు

అంబత్తూరులో మూతబడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ లోపల
పాడుబడ్డ అనాథాశ్రమం కట్టారు,
థర్మకోలుతో, సున్నంతో, రెండు లారీల ఎండుటాకులతో.

కథేమిటంటే,
తల్లీ తండ్రీ లేని పిల్లలు ఆరుగురు.
నేలమాళిగలో ఒక ముసల్ది
రాత్రిపూట వాళ్ళ నీడల్ని నంజుకు తింటుంది.
నీడ పోయిన బిడ్డ మూడోనాటికి గోడలో కలిసిపోతుంది.

ఆరుగురూ విమానం దిగారు, అమ్మలతో సహా.
చల్లటి వ్యాన్లో బాదంపాలు.
వాళ్ళని అనాథల్ని చెయ్యడం నా పని:
బుగ్గలకి మసి, మోచేతులకి మట్టిరంగు,
కళ్ళ కింద రెండు రాత్రుల నిద్రలేమి.
ఒక తల్లి పక్కనే నిలబడి చెప్పింది,
"మరీ నల్లగా వద్దండీ, కడిగితే పోవాలి."

గోడలో కలిసిపోయిన పిల్లలు మాత్రం
రాయపురం హోమ్ నుంచి బస్సులో వచ్చారు.
ఇరవై ముగ్గురు. తలకి మూడొందలు, హోమ్ పేరున.
చాటంత చెవుల ఇసక్కి, ఎవరితోనూ మాట్లాడని జెనోవా,
కాలికి ఇనప పట్టీతో అరుళ్,
ఏ ఊళ్ళోనో రైలెక్కి సెంట్రల్లో దిగి
మూడు భాషల్లో తిట్లు నేర్చిన రింకూ.
"వీళ్ళకి మేకప్ అక్కర్లేదు" అన్నాడు కెమెరామన్.
నిజమే. వెనక లైటు, ముందు తెల్లగుడ్డ.
నీడకి ముక్కుంటే చాలు.

అమ్మలున్నవాళ్ళు అనాథలు,
అనాథలు వాళ్ళ నీడలు.
నవ్వొచ్చింది. నవ్వి, బిల్లు రాసుకున్నాను.

"అక్కా, నువ్వు మనోళ్ళా?"
నాయుడుపేట యాస, నా మోచేతి దగ్గర.
నేను ఫోన్లో ఎవర్నో తిట్టడం విందట.
పేరు పెంచలమ్మ. తొమ్మిదేళ్ళు, లేదా పది,
రాసిపెట్టిన వాళ్ళెవరూ లేరు.
"నాకూ పుయ్యి."

మా నాన్న పెట్టె తెరిచాను.
నలభై ఏళ్ళు కోడంబాక్కం తిరిగిన రేకుపెట్టె.
దేవతలున్నారందులో, జమీందార్లున్నారు,
రాక్షసుల కోసం నీలం, ఆకుపచ్చ కూడా.
పెంచలమ్మ లేదు.
ఆ పిల్ల మెడ దాకా రాకముందే
నంబర్లు అయిపోతాయి.

చేతి వెనక కలిపి చూశాను.
మొదటిసారి బూడిద కొట్టింది.
రెండోసారి ఇటుక.
"ఇదెవురు?" అంది అద్దాన్ని.
తుడిచేసి మళ్ళీ కలిపాను: కాటుక గోరంత,
జాజు గోరంత, కొబ్బరినూనె ఒక్క చుక్క.
ఈసారి అద్దంలో చానాసేపు వెతుక్కుంది.
"యాడ పూసినావు? అగపడలే."
అగపడకపోతేనే కుదిరినట్టు తల్లీ, అన్నాను.
అన్నాక ఆ మాట
నా గొంతులోనే అడ్డం పడింది.

మైకులో అరిచారు: "నీడలు రండి! నీడలు!"
రంగుతోనే పరిగెత్తింది.

వడపళని ప్రివ్యూ హాల్లో
చివరి రెండు వరసలు హోమ్‌కి ఇచ్చారు.
లోకంలో ప్రతి అనాథ బిడ్డ కథా ఇదేనని
ముందు నిర్మాత మాట్లాడాడు, శాలువాతో.
తెరమీద ఆరుగురిలో పెద్దపిల్ల ఏడుస్తుంటే
హాలంతా ముక్కులు చీదుతోంది.
అప్పుడు వెనక గోడమీద, చాలా దూరంగా,
ఒక నీడ వంగి మోకాలు గోక్కుంది.

కదలొద్దని నాలుగుసార్లు చెప్పారు.
దోమ వినలేదు.

"ఓయ్! నేనే! ఆ గోక్కుంటా ఉండేది నేనే!"
చివరి వరసలు లేచి ఈలలేశాయి.
ముందునుంచి ఎవరో ష్ అన్నారు.
ఇక ముసల్ది ఏమైందో చూసినవాళ్ళు లేరు అక్కడ.
ఇసక్కి తన చెవులు కనిపెట్టాడు,
అరుళ్ తన పట్టీని.
జెనోవా వేలు చూపించింది. ఎక్కడికో నాకు తెలీలేదు,
తనకి తెలిసింది.

మిగిలిన రంగుని ఖాళీ వాసెలిన్ డబ్బాలో దాచాను.
మూతమీద నంబరు వెయ్యలేదు,
పెన్నుతో పేరు రాశాను.
నాన్న పెట్టెలో, దేవతల పక్కన ఇరుగ్గా ఉంది.
ఇంతవరకూ ఏ షూటింగులోనూ
ఎవరూ అడగలేదు.